సెకండ్‌హ్యాండ్ ఫైబర్ బోటు, ఔట్‌బోర్డ్ మోటారు: అడ్వాన్స్ ఇచ్చేముందు ఏమేం చూడాలి

మీరు అడిగింది ఇది: ఉప్పాడ దగ్గర 24 అడుగుల ఫైబర్ బోటు, దానికి 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు, రెండూ కలిపి బేరానికి వచ్చాయి. బోటుకి కొత్తగా రంగు వేసి ఉంది. మోటారు ఒక్క లాగుకే అందుకుంది. అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా, ఇంకా ఏమైనా చూడాలా? ధర ఎంతవరకు తగ్గించి అడగొచ్చు?

ఇప్పుడే ఇవ్వకండి. మీకు నచ్చిన ఆ రెండు విషయాల దగ్గరే నాకు అనుమానం. అమ్మకానికి ముందు వేసిన రంగు అడుగున ఉన్న పగుళ్లనీ, పుట్టీ పెట్టిన అతుకుల్నీ కప్పేస్తుంది. ఒక్క లాగుకే అందుకున్న మోటారుని మీరు రాకముందే ఎవరో ఒకసారి తిప్పి వేడి చేసి ఉండొచ్చు. రంగు వెలిసి, గీతలన్నీ బయటికి కనబడే బోటునే నేను ముందు నమ్ముతాను. అందులో దాచిందేమీ ఉండదు.

చూసే వరస కూడా ముఖ్యమే. కొనేవాళ్లు చాలామంది నేరుగా మోటారు దగ్గరికి వెళ్లి, దాని శబ్దం విని మనసు పారేసుకుంటారు. మోటారు పాడైతే ఇంకోటి తగిలించుకోవచ్చు. అది వేలాడే వెనక గోడ, అంటే ట్రాన్సమ్, లోపల కుళ్లి ఉంటే ఎంత మంచి మోటారు పెట్టినా దండగే. బాగుచేయాలంటే వెనక భాగం కోసి మళ్లీ కట్టాలి. కాబట్టి ముందు ట్రాన్సమ్, తర్వాత మిగతా బాడీ, ఆ తర్వాత మోటారు, చివర్న నీళ్లలో పరుగు. ట్రాన్సమ్ దగ్గరే తేడా కొడితే మిగతావి చూడకుండానే తిరిగొచ్చేయొచ్చు.

వెళ్లేటప్పుడు ఇవి పట్టుకెళ్లండి: ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి, గేరాయిల్ స్క్రూ తిప్పడానికి పెద్ద ఫ్లాట్ స్క్రూడ్రైవర్ ఒకటి, మంచి టార్చి, చిన్న అద్దం, బోటు పొడవుకి సరిపడా పురికొస, ప్లగ్ స్పానర్, 14 మి.మీ. మర ఉన్న కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది), తెల్ల ప్లాస్టిక్ గిన్నె, సన్న తీగ, పాత గుడ్డలు. గేజ్ మీ దగ్గర లేకపోతే టూవీలర్ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. అది లేకుండా మాత్రం వెళ్లకండి.

ఇక ట్రాన్సమ్. రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డో చెక్కో పెట్టి కడతారు దాన్ని. ఫైబర్ కుళ్లదు, మధ్యలో ఉన్న చెక్క కుళ్లుతుంది. నీళ్లు లోపలికి దారి చేసుకునేది మోటారు బోల్టుల రంధ్రాల నుంచి, డ్రెయిన్ ప్లగ్ రంధ్రం అంచు నుంచి, పై అంచున ఫైబర్ చిట్లిన చోటు నుంచి. బయట చూస్తే నున్నగానే ఉంటుంది. అందుకని స్క్రూడ్రైవర్ పిడితో పై అంచు నుంచి కిందికి, ఒక చివర నుంచి ఇంకో చివరకి, జానెడు జానెడు దూరంలో కొడుతూ రండి. గట్టి చెక్క ఉన్నచోట పిడి ఎగిరి వస్తుంది, శబ్దం కణకణమంటుంది. కుళ్లిన చోట పిడి దెబ్బని మింగేసినట్టు ‘దబ్’ అని ఆగిపోతుంది. డ్రెయిన్ ప్లగ్ చుట్టూ, మోటారు బ్రాకెట్ కింది బోల్టుల చుట్టూ మరీ జాగ్రత్తగా వినండి, కుళ్లు మొదలయ్యేది అక్కడే.

తర్వాత మోటారుని పైకి లేపి లాక్ చేసి, ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డపలక మీద మీ బరువు కాస్త మోపి కిందికీ పైకీ ఊపండి. ఇంకొకరు ట్రాన్సమ్ పై అంచుని, అది పక్కగోడల్తో కలిసే రెండు మూలల్నీ చూస్తుండాలి. నలభై కిలోల చుట్టూ ఉండే 9.9 మోటారుకి ఆ గోడ కదలనే కూడదు. అంచు కళ్లకి కనబడేలా వంగినా, మూలల్లో వెంట్రుకంత పగులు తెరుచుకుని మూసుకున్నా బేరం అక్కడితో వదిలేయండి. మోటారు బిగింపు స్క్రూల కింద గుంటలు పడి ఉంటే అది కూడా లోపలి చెక్క మెత్తబడ్డ గుర్తే.

ఇంకా అనుమానం ఉంటే యజమానిని అడిగి లోపలి వైపు, కింది భాగంలో ఉన్న ఏదో ఒక స్క్రూ ఊడదీయండి. పొడిగా, మరల్లో లేత రంగు చెక్క పొట్టు పట్టుకుని వస్తే మంచిది. తుప్పు నీళ్లు కారినా, స్క్రూ చేత్తోనే తిరిగి వచ్చేసినా లోపలంతా తడే. ఒప్పుకుంటే లోపలి వైపు నుంచి 5 మి.మీ. బిట్‌తో చిన్న రంధ్రం వేసి రాలిన పొట్టుని అరచేతిలో నలిపి చూడటం అన్నిటికంటే నమ్మకం. పొడిపొడిగా రాలితే సరే. నల్లగా, ముద్దగా, పుల్లటి వాసనతో వస్తే కుళ్లే. బిట్ ఎదుటి ఫైబర్ దాకా వెళ్లకుండా టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, పని అయ్యాక ఎపాక్సీ జిగురుతో ఆ రంధ్రం మూసేయండి. ఈ మాట అడగ్గానే యజమాని మండిపడితే, అదీ ఒక సమాధానమే.

బాడీ అడుగు చూడాలంటే బోటుని పక్కకి వాల్చాలి, లేదా దుంగల మీద ఎక్కించాలి. ఇసుకలో కూర్చున్న బోటు అడుగు ఎవరికీ కనబడదు. మన తీరంలో చాలాచోట్ల జెట్టీ ఉండదు. అలల మీద నుంచి నేరుగా ఒడ్డుకి తోసి, ఇసుక మీద లాగుతారు. అందుకే ఇక్కడి బోట్లకి దెబ్బంతా ముందు మూడో వంతులో, కీల్ మీద, అంటే అడుగున నడిమధ్య పొడవునా ఉండే వెన్ను మీద పడుతుంది. కీల్ అంచున జెల్‌కోట్, అంటే ఫైబర్ మీది నున్నటి పైపూత, అరిగిపోయి ఫైబర్ పోగులు బయటికి వచ్చాయేమో వేళ్లతో తడమండి. బయటపడ్డ పోగులు నీళ్లని లోపలికి లాక్కుంటాయి. అరుగుదల పైపైన ఉంటే మళ్లీ రెండు మూడు పొరల మ్యాట్ (ఫైబర్ గుడ్డ) వేయించుకుంటే సరిపోతుంది. కీల్ లోపలి బోలు కనబడేంత అరిగితే అది పెద్ద పని.

పగుళ్లు రెండు రకాలు. జెల్‌కోట్ పైపొర ఎండకి ఎండి, గీతలు గీతలుగా చిట్లడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఒకచోట నుంచి నక్షత్రంలా చుట్టూ పాకిన పగుళ్లు వేరు. అవి దెబ్బ తగిలిన గుర్తు. అలాంటిది కనిపిస్తే సరిగ్గా దాని వెనక, బోటు లోపలి వైపు, టార్చి వేసి చూడండి. లోపల ఫైబర్ తెల్లగా పాలిపోయి ఉంటే పొరలు విడిపోయాయన్నమాట. లోపలి రిబ్బుల్ని, అంటే బాడీకి బలం కోసం పెట్టిన పట్టీల్ని, కూడా ఒక్కొక్కటీ పట్టుకుని ఊపండి. రిబ్బుని బాడీకి అతికించిన మ్యాట్ అంచు లేచి, గోరు దూరేంత సందు ఉంటే అలల దెబ్బకి అడుగు వంగుతోందని అర్థం. ఇది ఒకటి రెండు చోట్ల ఉంటే బాగుచేయించొచ్చు. వరసగా నాలుగైదు రిబ్బులు అలాగే ఉంటే మాత్రం వద్దు.

పాత అతుకుల్ని పట్టుకోడానికి రంగు మీద టార్చిని పక్కవాటుగా వేయండి. ఎత్తుపల్లాలు అప్పుడే కనబడతాయి. అనుమానం ఉన్నచోట పిడితో కొడితే పుట్టీ మీద చప్పుడు మొద్దుగా వస్తుంది. అతుకు ఉండటం తప్పు కాదు, ఎలా వేశారన్నదే విషయం. నీటి కింద ఉండే భాగంలో అతుకు వేసేటప్పుడు చుట్టూ ఉన్న పాత ఫైబర్‌ని మందానికి 12 రెట్లు వెడల్పున ఏటవాలుగా అరగదీసి, ఆ వాలు మీద మ్యాట్ పొరలు ఎక్కించాలి. 6 మి.మీ. మందం ఉన్న అడుగుకి రంధ్రం చుట్టూ 72 మి.మీ. వాలు అన్నమాట. చాలామంది ఇది చేయరు. రంధ్రంలో పుట్టీ కూరి, పైన ఒక ముక్క మ్యాట్ అంటించి రంగు కొట్టేస్తారు. రెండు సీజన్లు తిరగకుండానే అది ఊడొస్తుంది, అది కూడా సముద్రంలో. అతుకు వేసినప్పటి ఫోటోలు ఫోన్లో ఉన్నాయేమో అడగండి. ఈ రోజుల్లో చాలామంది తీసి పెట్టుకుంటున్నారు.

అడుగున బొబ్బలు ఉన్నాయేమో కూడా చూడండి. ఎప్పుడూ ఒడ్డున ఉండే బోట్లకి ఇవి తక్కువ. ఉప్పుటేరులోనో గోదావరి పాయలోనో నెలల తరబడి కట్టేసి ఉంచిన బోట్లకి ఎక్కువ, మంచినీళ్లలో ఉంచితే ఇంకా త్వరగా వస్తాయి. ఒకదాన్ని చిదిమితే పుల్లటి వాసనతో నీరు కారుతుంది. అక్కడో ఇక్కడో ఉంటే గీకి, ఆరబెట్టి, పూత వేసుకోవచ్చు. అడుగంతా దద్దుర్లలా ఉంటే ఆ బాడీకి ధర కట్టకండి.

పురికొసని ముందు నుంచి వెనక దాకా కీల్ పక్కన బిగించి లాగి చూస్తే అడుగు ఎక్కడైనా లోపలికో బయటికో వంగిందేమో తెలుస్తుంది. దుంగల మీద తప్పుగా ఎక్కించి ఏళ్లు ఉంచిన బోట్లకి వెనక రెండు మీటర్లలో ఇలా గుంట పడుతుంది. ఆ గుంట బోటు ముక్కుని కిందికి తొక్కుతుంది. వేగం రాదు, మోటారుదే తప్పనుకుని దాన్ని మార్చేవాళ్లూ ఉన్నారు.

రెండు అంతస్తుల బోటైతే, అంటే నిలబడే ఫ్లోరుకీ అడుగుకీ మధ్య ఫోమ్ నింపి మూసేసింది అయితే, ఇంకో పరీక్ష ఉంది. ముందు భాగం ఒక అడుగు ఎత్తులో ఉండేలా పెట్టి, డ్రెయిన్ ప్లగ్ తీసేసి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్న కూడా చుక్కలు పడుతుంటే ఫోమ్ నీళ్లు తాగింది. ఆ నీళ్లు ఎండబెడితే పోవు. వంద లీటర్లు పట్టిందంటే వంద కిలోలు మీరు రోజూ పెట్రోలు పోసి మోస్తున్నట్టే, పైగా బోటు మునిగితే తేల్చాల్సిన ఫోమ్ ఆ పని చేయదు. ట్రక్కు మీద ఎక్కించే పని ఎలాగూ ఉంటే వేబ్రిడ్జి మీద ఖాళీ బండి, నిండు బండి తూకం వేయించండి. అదే కొలతల బోటు ఇంకోటి ఎంత తూగుతుందో కట్టే యార్డులో అడిగితే చెబుతారు.

ఇప్పుడు మోటారు. ముందుగా అమ్మే మనిషికి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే మూత తీసి సిలిండర్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. గోరువెచ్చగా ఉన్నా ఆ రోజుకి పరీక్ష మానేసి మర్నాడు వెళ్లండి. చల్లటి మోటారు అందుకునే తీరులోనే సగం సంగతి తెలిసిపోతుంది.

స్టార్ట్ చేయకముందే గేరాయిల్ చూడాలి, ఎందుకంటే రాత్రంతా కదలకుండా ఉంటే నీళ్లు కిందికి దిగి ముందుగా బయటికొస్తాయి. తిప్పాక చూస్తే ఆయిల్‌తో కలిసిపోతాయి. మోటారు నిలువుగా ఉండాలి. గేర్‌బాక్స్ కింది స్క్రూని కొంచెం వదులు చేసి తెల్ల గిన్నెలో రెండు చెంచాలు పట్టండి. మొదట చుక్క నీళ్లు రావడం, లేదా పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ రావడం అంటే గేర్‌బాక్స్‌లోకి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు సీలు పోయింది. స్క్రూకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదలాంటి సన్నటి పేస్టు మామూలే. వేలికి గుచ్చుకునే ఇనుప రజను మాత్రం గేరు పళ్లు తింటున్న గుర్తు. నల్లగా మాడు వాసన వస్తే ఆయిల్ ఏళ్లుగా మార్చలేదు. బంగారు రంగులో కొత్తదే వచ్చిందనుకోండి, సంతోషపడకండి. నిన్ననే మార్చి ఉండొచ్చు. నీళ్లలో అరగంట నడిపాక, కాసేపు ఆగి మళ్లీ చూడండి.

సీలు పోవడానికి వేటబోట్లలో ముఖ్య కారణం వల దారమే. ప్రొపెల్లర్ పిన్ను తీసి, నట్టు విప్పి, ప్రొపెల్లర్ బయటికి లాగండి. షాఫ్టు మొదట్లో నైలాన్ దారం చుట్టుకుని ఉంటుంది చాలాసార్లు. అది తిరిగి తిరిగి సీలు పెదవిని కోసేస్తుంది, అక్కడి నుంచి ఉప్పునీరు గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. ప్రొపెల్లర్ ఎంత లాగినా రాకపోతే గ్రీజు పెట్టి ఏళ్లయిందని అర్థం. న్యూట్రల్‌లో పెట్టి షాఫ్టు చేత్తో తిప్పుతూ దాని కొనని చూడండి, గుండ్రంగా తిరగాలి, ఊగకూడదు. ఊగితే షాఫ్టు వంగింది. ప్రొపెల్లర్ రెక్కల అంచుల సొట్టలు చిన్న విషయం. కింద రెక్కలా ఉండే భాగం విరిగి వెల్డింగ్ చేసి ఉంటే గేర్‌బాక్స్ పెంకు మీద పగులు ఉందేమో మరోసారి చూడండి.

తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీయండి. ఏది పైదో ఏది కిందిదో కలిసిపోకుండా వరసగా పెట్టండి. ఇటుకరంగు, లేత గోధుమరంగు మంచివి. రెండూ ఒకేలా తడిగా నల్లగా ఉంటే ఆయిల్ ఎక్కువ కలిపారు లేదా కార్బ్యురేటర్ సర్దాలి. ఒకటి బాగుండి, రెండోది ఆవిరితో కడిగినట్టు తెల్లగా శుభ్రంగా ఉందంటేనో తుప్పు పట్టి ఉందంటేనో ఆ సిలిండర్లోకి నీళ్లు దిగుతున్నాయి, అంటే హెడ్ గాస్కెట్ పోయింది.

కంప్రెషన్ చూసే పద్ధతి: రెండు ప్లగ్గులూ తీసి ఉంచాలి, ప్లగ్ వైర్లు రెండూ ఇంజిన్ బాడీకి తగిలేలా పెట్టాలి, కిల్ స్విచ్ (మోటారుని ఒక్కసారిగా ఆపే స్విచ్) క్లిప్ తీసేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. గేజ్ బిగించి తాడు నాలుగైదు సార్లు గట్టిగా లాగండి, ముల్లు ఇక పెరగనప్పుడు అంకె రాసుకోండి. తర్వాత రెండో సిలిండర్. అంకె పెద్దదా చిన్నదా అన్నదానికన్నా రెండిటికీ తేడా ఎంతన్నదే ముఖ్యం. గేజులు ఒకదానికొకటి కలవవు, మోడల్‌ని బట్టీ మారుతుంది. రెండూ 10 శాతం లోపు తేడాతో ఉండాలి. 120, 115 పీఎస్‌ఐ వస్తే మంచిది. 120, 95 వస్తే ఒక సిలిండర్లో రింగులో, పిస్టనో, గాస్కెట్టో పోయాయి. విప్పకుండా ఏదన్నది తేలదు, విప్పితే ఖర్చు మీదే. రెండూ సమానంగా 80 దగ్గర ఉంటే ఇంకో గేజ్‌తో చూడండి. కిరోసిన్‌తో నడిచేలా తయారైన మోటార్లకి కంప్రెషన్ కంపెనీ నుంచే తక్కువ ఉంటుంది. కేరళ, తమిళనాడు వైపు నుంచి వచ్చే పాత మోటార్లలో ఇవి ఎక్కువ. వాటిలో హెడ్ లోపల మసి బాగా పేరుకుంటుంది, అది కూడా లెక్కలో ఉంచుకోండి. ఫోర్ స్ట్రోక్ అయితే లాగడం తేలికవడానికి పెట్టే ఏర్పాటు వల్ల అంకె తక్కువ చూపించొచ్చు. అక్కడ కూడా సిలిండర్ల మధ్య తేడానే నమ్మండి.

ఒక్క విషయం మాత్రం ఎవరూ చెప్పరు: ఆ మోటారు ఎప్పుడైనా సముద్రంలో మునిగిందా అన్నది. ఒడ్డు అలల్లో బోటు తిరగబడటం అరుదేమీ కాదు. మునిగిన మోటారుని వెంటనే మంచినీళ్లతో కడిగి, ఆయిల్ పోసి తిప్పితే బతుకుతుంది. ఒక రోజు అలాగే వదిలేస్తే క్రాంక్ షాఫ్టు బేరింగులు తుప్పు పడతాయి. కొన్ని నెలలు నడిచి, ఓ రోజు మధ్యలో పట్టేస్తుంది. తాడు చక్రం మూత విప్పి లోపల చూడండి. ఫ్లైవీల్ కింద ఇసుక రేణువులు, వైరు కనెక్టర్లలో తెల్లటి ఉప్పు, పచ్చటి కిలుం, బయట మెరుస్తూ లోపల ఎర్రగా ఉన్న స్క్రూలు ఇందుకు సాక్ష్యాలు. కార్బ్యురేటర్ గిన్నె కింది స్క్రూ విప్పి పెట్రోలు తెల్ల గిన్నెలో పట్టండి, అడుగున తెల్లటి మడ్డి ఉంటే అనుమానించాల్సిందే. ఫోర్ స్ట్రోక్‌లో డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలరంగులో ఉందేమో, పెట్రోలు వాసన కొడుతోందేమో చూడండి.

సీరియల్ నంబరు ప్లేటు బ్రాకెట్ మీద ఉంటుంది. కొన్ని కంపెనీలు ఇంజిన్ బ్లాకు మీద ఉండే చిన్న గుండ్రటి బిళ్ల మీద కూడా అదే నంబరు కొడతాయి. రెండూ కలవాలి. ప్లేటు ఊడిపోయింది, నంబరు చెరిగిపోయింది అన్న మోటారు ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి.

స్టార్ట్ చేయడానికి బోటు నీళ్లలో లేకపోతే 200 లీటర్ల డ్రమ్ము చాలు. ప్రొపెల్లర్ పైన ఉన్న అడ్డపలక మునిగి, దాని మీద ఇంకా నాలుగైదు అంగుళాల నీళ్లు ఉండాలి. నీళ్లు లేకుండా ‘ఒక్కసారి చూపిస్తా’ అని స్టార్ట్ చేస్తే వెంటనే ఆపించండి. నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఎండుగా తిరిగితే అర నిమిషంలోనే కాలడం మొదలవుతుంది. స్టార్ట్ అయిన కొద్ది సెకన్లలో వెనకనుంచి నీటిధార రావాలి, ఆగకుండా, ఒకే వేగంతో. ధార సన్నగా ఉంటే ఆ రంధ్రంలో తీగ పెట్టి పొడవండి, చాలాసార్లు ఇసుకే అడ్డం పడుతుంది. అయినా సన్నగానే ఉంటే ఇంపెల్లర్ అరిగి ఉండాలి, లేదా లోపలి నీటిదారులు ఉప్పుతో పూడిపోయి ఉండాలి. మొదటిది చిన్న ఖర్చు. రెండోదైతే హెడ్ విప్పాలి. సిలిండర్ హెడ్ మీద రంగు బొబ్బలెక్కి, గోధుమరంగులో మాడి ఉంటే అది ఎప్పుడో బాగా వేడెక్కిన మోటారు. డ్రమ్ములో పది నిమిషాలు నెమ్మదిగా తిరిగితే చాలు, రేజ్ చేయకండి. పొగ నీళ్లలోనే తిరిగి తిరిగి మోటారు తడబడుతుంది, అది దాని తప్పు కాదు.

పెట్రోలు సరంజామా త్వరగా చూసేయొచ్చు. ట్యాంకు అడుగు నుంచి ఒక సీసాడు పెట్రోలు తీసి పది నిమిషాలు నిలబెట్టండి, నీళ్లుంటే కింద పొరగా నిలుస్తాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ తేమని పట్టుకుంటుంది, పాత రబ్బరు గొట్టాల్ని లోపలి నుంచి పొరలు పొరలుగా ఊడదీస్తుంది. గొట్టం మధ్యలో పెట్రోలు ఎక్కించడానికి ఉండే రబ్బరు బల్బు నొక్కితే గట్టిపడి, అలాగే నిలవాలి. గొట్టం జిగటగానో గట్టిపడి పగిలినట్టో ఉంటే మార్చడమే. టూ స్ట్రోక్‌కి ఆయిల్ ఎంత కలుపుతారో మాట వరసకి అడగండి. సాధారణంగా 50కి 1, అంటే లీటరుకి 20 మి.లీ. ‘చేతి అంచనా’ అనే సమాధానం వస్తే ఆ మోటారుని ఎలా చూసుకున్నారో తెలిసినట్టే.

కొలత ఒకటి టేపుతో చూసుకోండి. ట్రాన్సమ్ ఎత్తుకీ మోటారు కాలి పొడవుకీ జత కుదరాలి: షార్ట్ షాఫ్టుకి సుమారు 15 అంగుళాలు, లాంగ్‌కి 20. అడ్డపలక బోటు అడుగుకి సమానంగానో, ఒక అంగుళం కిందో ఉండాలి. ఎక్కడివో రెండూ కలిపి అమ్ముతున్నప్పుడు ఇది తప్పుతుంది. పలక పైకి ఉంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి అలల్లో ఊరికే తిరుగుతుంది. మరీ కిందికి ఉంటే నీటి అడ్డు పెరిగి పెట్రోలు తాగుతుంది.

మీరు ఇంకెప్పుడైనా చూసే బోటు ఔట్‌బోర్డ్ కాకుండా పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజిన్ ఉన్నదైతే పరీక్ష కొంచెం మారుతుంది. చల్లగా ఉన్నప్పుడు హ్యాండిల్ కొట్టించి చూడండి. ఒకటి రెండు నిమిషాల తర్వాత కూడా నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది, తెల్లపొగ ఆగకపోతే కంప్రెషన్ గానీ ఇంజెక్టర్ గానీ చూడాలి. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల నుంచి పొగ ఉఫ్ ఉఫ్ మని కొడితే రింగులు అరిగాయి. షాఫ్టు చివర ప్రొపెల్లర్ పట్టుకుని పక్కలకి ఊపితే బుష్ అరుగుదల చేతికే తెలుస్తుంది.

నీళ్లలో పరుగుకి మీరు మామూలుగా తీసుకెళ్లే మనుషులంతా ఎక్కండి, లేకపోతే అంత బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేయండి. ఖాళీ బోటు ఎప్పుడూ బాగానే పరిగెడుతుంది. అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, తెడ్లు బోటులో ఉండాలి, కిల్ స్విచ్ తాడు నడిపేవాడి చేతికి ఉండాలి. అది లాగితే మోటారు ఆగుతుందో లేదో ఒడ్డు దగ్గరే చూసుకోండి. ఐదు నిమిషాలు నెమ్మదిగా, గేరు ముందుకీ వెనక్కీ మారుస్తూ నడపండి. తర్వాత పూర్తి థ్రాటిల్ రెండు మూడు నిమిషాలు. ప్లగ్ వైరుకి చుట్టే చవక టాకోమీటర్ దొరికితే ఆర్‌పీఎం (మోటారు నిమిషానికి తిరిగే చుట్లు) రాసుకుని, మోటారు పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ పరిధితో పోల్చండి. అందుకోకపోతే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి ముందుకెళ్లాల్సిన దూరం) ఎక్కువై ఉండొచ్చు, ఒక అంగుళం పిచ్‌కి 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది. లేదా ఒక సిలిండర్ సరిగా పని చేయడం లేదు. ఏది పనిచేయట్లేదో తెలుసుకుందామని నడుస్తుండగా ప్లగ్ క్యాప్ లాగొద్దు. షాక్ కొడుతుంది, స్పార్కుని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, సీడీఐ, కూడా పోవచ్చు.

పూర్తి వేగంలో గేరు టక్కున జారి మోటారు గోల పెట్టి, మళ్లీ పడితే ముందు గేరు పళ్ల మూలలు అరిగాయి. ఒడ్డు మీద ఎంత తిప్పినా ఈ లోపం బయటపడదు, బరువు పడితేనే కనబడుతుంది. మోటారు వేగం పెరిగి బోటు వేగం పెరగకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు జారుతోంది. అరగంట అయ్యాక ఆపేసి, పది నిమిషాలు వదిలి, వేడి మీద మళ్లీ లాగండి. చల్లగా అందుకుని వేడిమీద అందుకోని మోటార్లలో ఇగ్నిషన్ కాయిల్ పాడవడమో, కంప్రెషన్ బలహీనపడటమో జరిగి ఉండొచ్చు. ఒడ్డుకి వచ్చాక అడుగు పలకలు తీసి నీళ్లు చేరాయేమో, ఎక్కడి నుంచి చేరాయో చూడండి. గేరాయిల్ రెండోసారి చూడాల్సింది కూడా అప్పుడే.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. బేరాలు ఎక్కువగా జరిగేదీ అప్పుడే. బోటు ఒడ్డున ఉంటుంది కాబట్టి బాడీ చూడటానికి అంత మంచి సమయం లేదు, కాకపోతే ‘ఇప్పుడు సముద్రంలోకి తీసుకెళ్లలేం’ అని పరుగు తప్పించడానికీ అది మంచి సాకు. స్థానిక మత్స్యశాఖ అధికారికి ముందే చెప్పి, వల లేకుండా ఏటి నీళ్లలో నడిపి చూపించగలరేమో అడగండి. కుదరకపోతే డ్రమ్ము పరీక్షతో అడ్వాన్స్ మాత్రం ఇచ్చి, సముద్రంలో నడిపి చూశాకే మిగతాది అని కాగితం మీద రాయించుకోండి.

కాగితాల్లో బోటు రిజిస్ట్రేషన్ అసలైనది. ఐఎన్‌డీ, ఏపీ అక్షరాలతో మొదలయ్యే నంబరులో మోటారు బిగించిన చిన్న బోటుకి ఎంఓ అనీ, ఇంజిన్ లోపలే ఉండే మెకనైజ్డ్ బోటుకి ఎంఎం అనీ ఉంటుంది. బోటు మీద రాసిన నంబరూ, పత్రంలోదీ, పత్రంలో ఉన్న పొడవు వెడల్పులూ టేపుతో కొలిచినవీ కలవాలి. పాత బోటు నంబరుని వేరే బాడీ మీద రాసుకోవడం జరుగుతుంటుంది. పేరు మార్పిడి మత్స్యశాఖ ద్వారా, వేటబోట్ల రిజిస్ట్రేషన్, లైసెన్సుల కోసం ఉన్న రియల్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ వ్యవస్థలో జరగాలి. వేట నిషేధ కాలపు భృతికీ, ఇంధన రాయితీకీ ఆ వివరాలే ఆధారం కాబట్టి ‘పేరు తర్వాత మార్చుకుందాం’ అన్న మాటకి ఒప్పుకోకండి. ప్రభుత్వ సబ్సిడీ మీద తీసుకున్న బోటైతే అమ్మడానికి శాఖ అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా చూపించమనండి. సంఘం పేరునో, నలుగురు కలిసి కొన్నదో అయితే అందరి సంతకాలూ కావాలి. బ్యాంకు అప్పు ఉంటే తీరినట్టు లెటర్ కావాలి. మోటారు బిల్లు విడిగా అడగండి, దాని మీద సీరియల్ నంబరు ఉండాలి. చేపల కోసం కాకుండా నదిలో మనుషుల్ని తిప్పడానికి కొంటున్నట్టయితే ఇదంతా వేరు. 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద సర్వే, రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. వేటబోటు కాగితాలు అక్కడ చెల్లవు.

ధర సంగతి. బాడీకి ఒక ధర, మోటారుకి ఒక ధర విడివిడిగా చెప్పమనండి. కలిపి చెప్పే ధరలో మంచి మోటారు చాటున కుళ్లిన బాడీ అమ్ముడైపోతుంది. ఇంపెల్లర్, ప్లగ్గులు, గేరాయిల్, దాని స్క్రూ వాషర్లు, పెట్రోలు గొట్టం, బల్బు, మోటారుకి తుప్పు పట్టకుండా బిగించే జింకు ముక్క, ఇవి ఎవరి దగ్గర కొన్నా మొదటివారంలోనే మార్చుకోవాల్సినవి. వీటి మొత్తాన్ని దుకాణంలో కనుక్కుని మీ లెక్కలోంచి తీసేయండి, వీటి కోసం గొడవపడకండి. షాఫ్టు సీలు, గేరు అరుగుదల, కీల్ మీద మ్యాట్, లేచిన రిబ్బులు బేరంలో మాట్లాడాల్సినవి. మెకానిక్‌తో, ఫైబర్ పనివాళ్లతో అంచనా వేయించి, ఆ అంచనాకి పావు వంతు కలిపి తగ్గించమనండి. విప్పాక ఇంకోటి బయటపడకుండా ఉండదు. కుళ్లిన ట్రాన్సమ్, కలవని కంప్రెషన్, చెరిగిన సీరియల్ నంబరు, పేరు మారని రిజిస్ట్రేషన్, ఈ నాలుగిట్లో ఏదున్నా ధర తగ్గిస్తామన్నా తీసుకోకండి. మీరు చూసిన బోటు దగ్గరికి రేపు మళ్లీ వెళ్లి, రంగు వేయకముందు తీసిన ఫోటోలు అడగండి, తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ట్రాన్సమ్ దగ్గర మొదలుపెట్టండి. గేజ్ అంకెలు, గేరాయిల్ రంగు ఇక్కడ రాస్తే మోటారు సంగతి అప్పుడు చెప్పొచ్చు.